పాబ్లో కథలో ఆడవాళ్ళు

పోయిన సెలవుల్లో మా చెల్లెలి కొడుకు వేసుకున్న టీషర్టు మీద మీసాల మనిషి బొమ్మ చూసి ఎవర్రా అని అడిగాను. "పాబ్లో ఎస్కోబార్ పెద్దమ్మా, తెలీదా?" అన్నాడు జాలిగా. తెలుసు. కాకపోతే వాడికి తెలిసిన దారి వేరు, నాకు తెలిసిన దారి వేరు. వాడికి 2015లో మొదలైన 'నార్కోస్' సీరియల్ చెప్పింది. నాకు గార్సియా మార్క్వెజ్ 1996లో అచ్చువేసిన అపహరణ కథనం చెప్పింది. అది నవల కాదు, జరిగింది జరిగినట్టు రాసిన పుస్తకం. అందులో ఎస్కోబార్ చాలాసేపు కనిపించడు. కనిపించేది ఒక ఇరుకు గది, అందులో ముగ్గురు ఆడవాళ్ళు.

1990 నవంబరు 7న బొగోటా నగరంలో మరూహా పచోన్‌ని, ఆమె ఆడబిడ్డ బియాత్రిస్ విల్లమిజార్‌ని కారులోంచి లాక్కుపోయారు. కారు నడుపుతున్న డ్రైవర్ని అక్కడికక్కడే కాల్చేశారు (ఇలాంటి కథల్లో డ్రైవర్లు మొదటి పేజీలోనే చచ్చిపోతారు, ఆ తర్వాత వాళ్ళని తలుచుకునేవాళ్ళుండరు). వీళ్ళని తీసుకెళ్ళి పడేసిన గదిలో అప్పటికే మరీనా మొంతోయా అనే పెద్దావిడ ఉంది. ఆమె చేసిన నేరమల్లా, అంతకుముందు అధ్యక్షుడి దగ్గర పెద్ద పదవిలో ఉన్న మనిషికి అక్కచెల్లెలు కావడమే. మరూహా నేరం కూడా అలాంటిదే. ఆమె భర్త రాజకీయ నాయకుడు. ఆమె సొంత అక్కచెల్లెలు గ్లోరియా, 1989 ఆగస్టు 18న సభలో కాల్చి చంపబడిన అధ్యక్ష అభ్యర్థి లూయిస్ కార్లోస్ గలాన్ భార్య. మాదకద్రవ్యాల వ్యాపారుల్ని అమెరికాకి అప్పగించే ఒప్పందం రద్దు చేయించుకోవడానికి ఎస్కోబార్‌కి బందీలు కావాలి. మగవాళ్ళ మధ్య బేరంలో ఆడవాళ్ళు తూకపు రాళ్ళయ్యారు. మనకి ద్రౌపది నుంచీ తెలిసిన పద్ధతే.

ఇక్కడొక సంగతి దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. మరూహా అప్పుడు ఫొసినే అనే ప్రభుత్వ చలనచిత్రాభివృద్ధి సంస్థకి అధిపతి. ఆ సంస్థ డబ్బుపెట్టిన సినిమాల్లో ఒకటి విక్టర్ గవీరియా తీసిన 'రోద్రిగో డి', 1990లో కాన్ ఉత్సవానికి వెళ్ళింది. మెడెయిన్ కొండవాలు బస్తీల్లోని నిజమైన కుర్రాళ్ళే అందులో నటులు. వాళ్ళలో కొందరు ఆ తర్వాత ఎంతోకాలం బతకలేదు, తుపాకులకే పోయారు. అదే సంవత్సరం మరూహా గదికి కాపలా కాసినవాళ్ళు కూడా అచ్చం అలాంటి కుర్రాళ్ళే. రేపో మాపో చస్తామని వాళ్ళకి ముందే తెలుసు. అమ్మకి ఇల్లు కట్టించి చస్తే చాలనుకునేవాళ్ళు. 1991లో మెడెయిన్‌లో ప్రతి లక్షమందికీ సుమారు 380 హత్యలు జరిగాయి. ఏ యుద్ధభూమితో పోల్చాలో నాకు తోచదు.

1991 జనవరి చివర్లో కాపలావాళ్ళు మరీనాతో నిన్ను వదిలేస్తున్నాం, బయలుదేరు అన్నారు. ఆమె తయారయింది. తీసుకెళ్ళి చంపేసి ఖాళీ స్థలంలో పడేశారు. గుర్తుపట్టేవాళ్ళు లేక మొదట అనాథ శవంగా పూడ్చారు. దాదాపు అదే రోజుల్లో ఇంకోచోట బందీగా ఉన్న పాత్రికేయురాలు డయానా టుర్బే, పోలీసులు విడిపించబోయిన గొడవలో తూటా తగిలి జనవరి 25న చనిపోయింది. గెరిల్లా నాయకుడితో ముఖాముఖి అని ఆశపెట్టి రప్పించి ఆమెను బంధించారు. బలవంతంగా విడిపించే ప్రయత్నం చేయొద్దు, నా బిడ్డ చచ్చిపోతుంది అని ఆమె తల్లి నిదియా కింతెరో దేశాధ్యక్షుడి కాళ్ళావేళ్ళా పడింది. ఆ తల్లి రాజకీయం తెలిసిన మనిషి, మాజీ అధ్యక్షుడి మాజీ భార్య. అయినా ఆమె మాటని తల్లి ఏడుపుగానే లెక్కగట్టారు. బియాత్రిస్‌ని ఫిబ్రవరిలో, మరూహాని మే 20న వదిలారు. జూన్ 19న అప్పగింతల మీద నిషేధం రాజ్యాంగంలో చేరింది, అదేరోజు ఎస్కోబార్ తను ఏర్పాటు చేయించుకున్న జైలుకి దర్జాగా లొంగిపోయాడు.

ఇప్పుడు 'నార్కోస్' దగ్గరికి వస్తాను. మా వాడి పక్కన కూర్చుని మొదటి రెండు భాగాలూ చూశాను. బాగా తీశారు, నిజం చెప్పాలి. ఒక భాగమైతే ఇంకోటి పెట్టరా అని నేనే అడిగాను. కథ చెప్పే గొంతు మాత్రం అమెరికన్ పోలీసుది. ఎస్కోబార్‌గా వేసిన నటుడు బ్రెజిల్ మనిషి, అతని స్పానిష్ యాస విని కొలంబియావాళ్ళు నవ్వుకున్నారు. డయానా టుర్బే ఉంది, ఒక మలుపుకి పనికొచ్చేంత మేరకి. నన్ను కుదిపింది వలేరియా వేలెజ్ అనే పాత్ర. పేరు మార్చారు గానీ, ఆమె టీవీ వ్యాఖ్యాత వర్జీనియా వయేహో అని ఎవరికైనా అర్థమవుతుంది. ఎనభైల్లో ఎస్కోబార్‌కి ప్రియురాలు. సీరియల్లో ఆమెను అతని శత్రువులు చంపేస్తారు. అసలు వర్జీనియాని ఎవరూ చంపలేదు. 2006లో అమెరికా వెళ్ళిపోయి, కొలంబియా రాజకీయ నాయకులకీ ఎస్కోబార్‌కీ ఉన్న లోపాయికారీ సంబంధాల గురించి నోరు విప్పింది, 2007లో పుస్తకం రాసింది. నోరువిప్పిన ఆడదాన్ని తెరమీద శవం చేశారు. కథ సౌకర్యం కోసమే అయుండొచ్చు. కానీ ఆ సౌకర్యం ఎవరికి?

ఆమె పుస్తకం మీద 2017లో ఇంకో సినిమా వచ్చింది. పెనెలోపే క్రూజ్ వేసింది, కథ చెప్పే గొంతు కూడా ఆమెదే. హమ్మయ్య అనుకున్నాను. తీరా చూస్తే కొలంబియా మనుషులంతా ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు, ఆమె పాత్రికేయ జీవితం నగలకీ చీవాట్లకీ మధ్య ఎక్కడో జారిపోయింది.

భార్య సంగతి ఇంకా అన్యాయం. తెరమీద విక్టోరియా ఎనావో అందమైన, ఓపికగల ఇల్లాలు. 1976లో పెళ్ళయినప్పుడు ఆమెకి పదిహేనేళ్ళు, అతనికి ఇరవయ్యారు. 2018లో ఆమె తన జీవితకథ రాసింది. పద్నాలుగేళ్ళ వయసులో తను గర్భవతినయ్యానని, ఏం జరుగుతోందో కూడా తెలియకుండానే అతను ఎవరో మనిషి దగ్గరికి తీసుకెళ్ళి గర్భం తీయించాడని, నలభై ఏళ్ళకి పైగా ఆ మాట ఎవరికీ చెప్పలేకపోయానని. చదివి పుస్తకం మూసేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అతని సంపదతో ఆమె కళాఖండాలు కొనుక్కుంది, ఆ డబ్బు ఎక్కడిదో తెలియదనుకోవడం కష్టం. ఆమెని అమాయకురాలని నేననను. కానీ పద్నాలుగేళ్ళ పిల్లగా ఆమె బాధితురాలు, ఆ పిల్ల ఏ సినిమాలోనూ లేదు. పెళ్ళిపందిట్లో ప్రేమకథ మాత్రం ఉంది.

ఆడది తానే ముఠా నాయకురాలైతే? గ్రిసెల్డా బ్లాంకో ఉంది. మయామీలో కొకైన్ సామ్రాజ్యం నడిపి, అమెరికా జైల్లో ఏళ్ళపాటు ఉండి, 2012లో మెడెయిన్‌లో మాంసం కొట్టు బయట హతమైంది. భర్తల్ని చంపించిందని ఆమెకి 'నల్ల సాలీడు' అని పేరు. భార్యల్ని చంపిన మగ ముఠా నాయకులకి ఏ పురుగు పేరూ పెట్టినట్టు నేను వినలేదు.

కొలంబియాలోనే తీసిన సీరియల్ సంగతి నాకు ఇప్పటికీ తేలని చిక్కుముడి. 2012లో ఎస్కోబార్ మీద అక్కడి కరకోల్ టీవీ వందకి పైగా భాగాలు తీసింది. దాని వెనకున్న ఇద్దరిలో ఒకరు హువానా ఉరీబే, మరూహా పచోన్ కూతురు. రెండోవారు కమీలో కనో, 1986 డిసెంబరులో ఎస్కోబార్ చంపించిన పత్రికా సంపాదకుడు గియెర్మో కనో కొడుకు. బాధితుల పిల్లలే బాధితుల వైపు నుంచి కథ చెప్పాలనుకున్నారు. తన చరిత్ర తెలియని దేశం దాన్ని మళ్ళీ అనుభవిస్తుందని ప్రతి భాగం ముందూ రాసి చూపించారు. అయినా జనం నోళ్ళలో మిగిలింది పాబ్లో మాటలూ, పాబ్లో నడకే. ఉద్దేశం మంచిదైనా కెమెరా నెలల తరబడి ఒకే మనిషి పక్కన కూర్చుంటే, చూసేవాళ్ళు కూడా అతని పక్కనే కూర్చుంటారేమో. దానికి విరుగుడేమిటో హువానాకే దొరకనప్పుడు నాకేం దొరుకుతుంది?

పక్కన కూర్చునే చోటు మార్చినవాళ్ళు లేకపోలేదు. 1998లో గవీరియా 'గులాబీలు అమ్మే పిల్ల' తీశాడు. ఆండర్సన్ అగ్గిపుల్లల పిల్ల కథని మెడెయిన్ వీధిలోకి తెచ్చి, జిగురు పీల్చుకుంటూ పూలమ్ముకునే నిజమైన వీధిపిల్లలతోనే నటింపజేశాడు. అందులో ముఠా నాయకుడు లేడు. అతని వల్ల ఊరు ఏమైందో ఉంది. 2004లో అమెరికన్ దర్శకుడు జాషువా మార్స్టన్ 'మరియా ఫుల్ ఆఫ్ గ్రేస్' తీశాడు. పదిహేడేళ్ళ మరియా పూలతోటలో గులాబీ ముళ్ళు తీసే కూలి. గర్భిణి. ఆ పని వదిలి మాదకద్రవ్యం నింపిన గుళికలు ఒక్కొక్కటీ మింగి విమానమెక్కుతుంది. ఆ మింగే దృశ్యం చూస్తే మీకూ గొంతు పట్టేస్తుంది. ఒక్క గుళిక పగిలితే చావే. అలా చచ్చిపోయినవాళ్ళ శవాల్ని సొంత ఊళ్ళకి పంపే పనిని న్యూయార్క్‌లో ఓర్లాందో తొబోన్ అనే పెద్దమనిషి ఏళ్ళపాటు నిజంగానే చేశాడు, సినిమాలోనూ ఆయనే అలాంటి పాత్ర వేశాడు. మరియాగా వేసిన కాతలీనా సాందీనో మొరేనోకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆ రెండు సినిమాల్లోనూ గులాబీలుండటం యాదృచ్ఛికమే కావచ్చు. కొలంబియా పూలతోటల్లో చేసేది ఎక్కువగా ఆడకూలీలే కనక అంత యాదృచ్ఛికం కూడా కాదేమో.

మెడెయిన్‌లో ఎస్కోబార్ కుటుంబం ఉన్న మొనాకో భవనాన్ని 2019 ఫిబ్రవరి 22న కూల్చేశారు. టీషర్టులేసుకున్న పర్యాటకులు దాని ముందు ఫోటోలు దిగడం నగరానికి తలవంపులయింది. 1988 జనవరిలో శత్రువులు ఆ భవనం ముందు కారుబాంబు పేల్చినప్పుడు లోపల నిద్రపోతున్నది విక్టోరియా, ఇద్దరు పిల్లలూ. అతను లేడు. ఇప్పుడా చోట చిన్న పార్కు, నల్లరాతి గోడ. 1983 నుంచి 1994 దాకా ఆ హింసలో పోయినవాళ్ళకి గుర్తుగా గోడ నిండా 46,612 చిల్లులు పెట్టారు. మనిషికొక చిల్లు. ఈ సంగతి మా వాడికి చెబితే, "అన్నా! నలభయ్యారు వేలా?" అని ఫోన్ పక్కన పెట్టి, మరీనాది అందులో ఏదో ఎలా తెలుస్తుంది పెద్దమ్మా అని అడిగాడు.