పోటీని కొన్న ఒప్పందం

అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో గేముల వ్యాపారాన్ని మలుపు తిప్పిన ఒప్పందాన్ని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఈఏ) సంస్థ 2004 డిసెంబరు 13న ప్రకటించింది. జట్ల పేర్లు, చిహ్నాలు, స్టేడియంలు, ఆటగాళ్ల పేర్లు, రూపురేఖలు గేములో వాడుకోవడానికి హక్కుదారులకు రుసుము చెల్లించి పొందే అనుమతిని లైసెన్సు అంటారు. దాన్ని మరే సంస్థకూ ఇవ్వరాదన్న షరతు చేరితే అది ప్రత్యేక లైసెన్సు అవుతుంది. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్ఎఫ్ఎల్) నుంచి, ఆటగాళ్ల సంఘం నుంచి ఈఏకు దక్కింది అటువంటి హక్కే.

దీని విలువ తెలియాలంటే ఆ ఏడాది ధరల పోరును చూడాలి. 1988 నుంచి వస్తున్న ‘మ్యాడెన్’ వరుసలోని కొత్త గేమును ఈఏ దాదాపు 50 డాలర్లకు అమ్ముతుండగా, సెగా సంస్థ ‘ఈఎస్‌పీఎన్ ఎన్ఎఫ్ఎల్ 2కె5’ను 19.99 డాలర్లకే విడుదల చేసింది. దాంతో ఈఏ సైతం తన ధరను దాదాపు 30 డాలర్లకు దించక తప్పలేదు. ప్రత్యేక లైసెన్సుతో ఆ పోటీకి తెరపడింది. 2007లో 2కె స్పోర్ట్స్ అనే సంస్థ రిటైరైన ఆటగాళ్లతో మరో గేము తెచ్చినా, ప్రస్తుత జట్లు లేని ఆ ప్రయత్నం ఒక్కదానితోనే ఆగిపోయింది.

ధర పెరుగుదలకు ఇటువంటి ప్రత్యేక ఒప్పందాలే కారణమంటూ వినియోగదారులు 2008లో కోర్టుకెక్కగా, 2012లో ఈఏ 2.7 కోట్ల డాలర్లతో రాజీకి వచ్చి, కళాశాలల ఫుట్‌బాల్‌పై అయిదేళ్లపాటు ప్రత్యేక లైసెన్సు తీసుకోబోనని అంగీకరించింది. ఎన్ఎఫ్ఎల్ ఒప్పందం మాత్రం చెక్కుచెదరక 2020లో మళ్లీ పొడిగింపు పొందింది.

అయితే హక్కులన్నీ ఒకే చేతిలో ఉండవనడానికి సాకర్ మంచి నిదర్శనం. 2019లో ఇటలీ క్లబ్బు యువెంటస్‌తో గేము సంస్థ కొనామీ ప్రత్యేక ఒప్పందం చేసుకోవడంతో, ఈఏ వారి ‘ఫిఫా 20’ గేములో ఆ జట్టు ‘పియమోంటే కాల్చో’ అనే కల్పిత పేరుతో, కల్పిత చిహ్నంతో బరిలో దిగింది; ఆటగాళ్ల హక్కులు వేరుగా లభించినందున ఆ జట్టు ఆటగాడు రొనాల్డో మాత్రం సొంత పేరుతోనే ఆడాడు. ప్రపంచ సాకర్ సమాఖ్య ఫిఫా పేరును వదులుకున్న ఈఏ 2023లో ‘ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ’ని తేగలిగింది కూడా లీగులతో, ఆటగాళ్లతో వేర్వేరు ఒప్పందాలు నిలిచి ఉన్నందువల్లనే.

ప్రత్యేక లైసెన్సు హక్కుదారుకు నికరమైన రాబడిని, గేము సంస్థకు ధరపై పట్టును ఇస్తుంది. ఆ రెండు లాభాల ఖరీదులో కొంత వాటాను, ఎంచుకోవడానికి మరో గేము లేని అభిమాని భరిస్తాడు. కనుక హక్కులు అమ్మే లీగులు ఒప్పందానికి గడువు విధించి, గడువు ముగిసిన ప్రతిసారీ పోటీదారులందరినీ పిలవడమే ఆటకూ, అభిమానికీ న్యాయం.