జైలు కార్ఖానా: లాభం ఎవరిది? – చంచల్‌గూడ, వరంగల్ కారాగారాల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కారాగారాన్ని ఆదాయమార్గంగా నడపాలన్న ఆలోచన ఇటీవలిది కాదు. పంతొమ్మిదో శతాబ్దం నుంచి అది పాలకుల చర్చల్లో ఉంది. హైదరాబాద్, వరంగల్ కేంద్ర కారాగారాల శ్రమచరిత్ర ఆధారంగా జైలు లెక్కల్లోని 'లాభం' అనే మాటకు గల అర్థాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఖైదీ కూలి, బయటి చేతివృత్తులవారి జీవిక, విడుదలానంతర ఉపాధి అనే మూడింటినీ పరిగణించకుండా ఆ లాభాన్ని అంచనా వేయలేమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చంచల్‌గూడ, వరంగల్ తివాచీలు, జైలు పరిశ్రమలు, ఖైదీల వేతనం, మై నేషన్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ పాతబస్తీలో ఫలక్‌నుమాకు సమీపాన ఉన్న జహనుమా నుంచి ఈశాన్యంగా కొద్ది కిలోమీటర్లు వెళితే చంచల్‌గూడ కేంద్ర కారాగారం వస్తుంది. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1876లో, ఇది నిర్మితమైంది. నేడు ఆ కారాగారం ప్రహరీకి వెలుపల జైళ్లశాఖ పెట్రోలు బంకు నడుస్తోంది. వాహనాలకు ఇంధనం నింపే చేతులు ఖైదీలవి. శిక్ష, వ్యాపారం ఒకేచోట కలిసిన దృశ్యమిది.

జైలుకు తెలుగులో చెరసాల, కారాగారం, బందీఖానా వంటి పేర్లున్నాయి. వీటిలో 'బందీఖానా' గమనింపదగినది. పారసీకంలో 'ఖానా' అంటే ఇల్లు, స్థలం. బందీలుండే చోటు బందీఖానా, పని జరిగే చోటు కార్ఖానా. బందీఖానా కార్ఖానాగా మారినప్పుడు అక్కడ పుట్టిన సంపద ఎవరికి చెందుతుందన్నదే ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

2. వలసపాలనలో రెండు వాదాలు

బ్రిటిషు ఇండియాలో జైలు శ్రమపై తొలినుంచీ రెండు వాదాలున్నాయి. మెకాలే చొరవతో ఏర్పడి 1838లో నివేదిక సమర్పించిన సంఘం, ఖైదీలను రోడ్డుపనులకు పంపే పద్ధతిని వ్యతిరేకించింది. పని నాలుగుగోడల మధ్యనే జరగాలనీ, అది విసుగు పుట్టించేదిగా ఉండాలనీ భావించింది. ఈ దృష్టిలో పని శిక్షలో భాగమే తప్ప ఉత్పత్తికి సాధనం కాదు.

రెండో వాదానికి ప్రతినిధి బెంగాల్ జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేసిన ఫ్రెడరిక్ మౌఅట్. ఫలితంలేని పని మనిషిని మరింత దిగజారుస్తుందనీ, ఉపయోగకరమైన వృత్తి నేర్పితే ఖైదీ బాగుపడతాడనీ, జైలు తన ఖర్చును తానే భరించుకోగలదనీ ఆయన వాదించాడు. సంస్కరణ, ఆదాయం ఒకే మార్గంలో సాధ్యమన్న ఈ నమ్మకమే తర్వాతి కాలపు జైలు పరిశ్రమలన్నింటికీ పునాది. అయితే ఆ రెండూ పరస్పరం విభేదించినప్పుడు దేనికి ప్రాధాన్యమివ్వాలన్న ప్రశ్నకు ఆ వాదంలో స్పష్టమైన సమాధానం లేదు.

3. వరంగల్ తివాచీలు: గోడకు ఇరువైపులా

తెలుగునేలపై ఈ వైరుధ్యం తివాచీల నేతలో కనిపిస్తుంది. 1851 లండన్ మహాప్రదర్శనలో వరంగల్ తివాచీలు ప్రశంసలందుకొన్నాయి. అప్పటికి వరంగల్ కేంద్ర కారాగారం లేదు. అది 1886లో ఏర్పడింది. కాలక్రమంలో తివాచీల, జంపఖానాల నేత ఆ జైలు ముఖ్యపరిశ్రమల్లో ఒకటైంది. అంటే ఊరిలో తరతరాలుగా ఉన్న విద్యే జైలు మగ్గం మీదికి చేరింది.

భారతీయ హస్తకళలపై 1880లో గ్రంథం వెలువరించిన జార్జ్ బర్డ్‌వుడ్, దేశంలోని జైళ్లలో తయారయ్యే తివాచీల పోటీ వల్ల సంప్రదాయ నేత క్షీణిస్తోందని తీవ్రంగా విమర్శించాడు. ఆ విమర్శలోని ఆర్థికసూత్రం సరళమైనది. బయటి నేతగాడు తన కుటుంబపోషణను సరుకు ధరలో కలుపుకోవాలి. జైలుకు ఆ అవసరం లేదు. కాబట్టి జైలు తివాచీ చౌకగా అమ్ముడైనప్పుడు ఆ చౌకదనాన్ని ఇద్దరు భరిస్తారు. ఒకరు కూలి అందని ఖైదీ, మరొకరు గిరాకీ పోగొట్టుకొన్న నేతగాడు.

నిజాం జైళ్లను స్వయంగా అనుభవించిన వట్టికోట ఆళ్వారుస్వామి 'జైలు లోపల' కథల్లో రాజకీయఖైదీల త్యాగాలకన్నా సామాన్యఖైదీల జీవితాలపై దృష్టి నిలిపాడు. ఉత్పత్తిలెక్కల్లో సంఖ్యగా మాత్రమే మిగిలే మనిషిని ఆ కథలు మనిషిగా చూపాయి.

4. చట్టంలో శ్రమ, వేతనం

1894 కారాగార చట్టం కఠినశిక్ష పడిన ఖైదీల పనిని సాధారణంగా రోజుకు తొమ్మిది గంటలకు పరిమితం చేసింది. జైలు అధికారులు ఖైదీలతో వ్యాపారలావాదేవీలు జరపడాన్నీ, జైలు కాంట్రాక్టుల్లో వాటా కలిగి ఉండడాన్నీ నిషేధించింది. ఈ విధంగా అధికారి సొంతలాభానికి అడ్డుకట్ట పడింది. రాజ్యం గడించే లాభం మాత్రం చర్చలోకి రాలేదు. మద్రాసు పాలనలో పనిచేసిన అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన ఏర్పడిన 1919–20 జైళ్ల సంఘం, ఖైదీని సంస్కరించడమే జైలు లక్ష్యంగా ఉండాలని స్పష్టం చేసింది.

ఈ సందర్భంలో అమెరికాతో పోలిక అవసరం. 1865లో బానిసత్వాన్ని రద్దుచేసిన పదమూడో రాజ్యాంగసవరణ, నేరశిక్షగా విధించే నిర్బంధశ్రమను మినహాయించింది. ఆ మినహాయింపు నీడలోనే దక్షిణ రాష్ట్రాలు ఖైదీలను తోటలకు, గనులకు అద్దెకిచ్చాయి. భారత రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించినప్పుడు శిక్షపడినవారికి అటువంటి మినహాయింపును పేర్కొనలేదు. 1998లో గుజరాత్ ఖైదీల వేతనాల కేసులో సుప్రీంకోర్టు, కఠినశిక్ష పడినవారిచేత పనిచేయించడం చట్టబద్ధమేననీ, ఆ పనికి న్యాయమైన వేతనం చెల్లించాలనీ తీర్పునిచ్చింది. ఆ వేతనంలో కొంతభాగాన్ని బాధితుల పరిహారానికి కేటాయించే ఏర్పాటునూ సూచించింది. తద్వారా ఖైదీ కూలి పాలకుల దయ నుంచి హక్కు పరిధిలోకి వచ్చింది.

5. తెలంగాణ అనుభవం

2014లో రాష్ట్రం ఏర్పడ్డాక జైళ్లశాఖ అధిపతిగా వచ్చిన వి.కె. సింగ్ కాలంలో వ్యాపారకార్యక్రమాలు విస్తరించాయి. ఖైదీల ఉత్పత్తులు 'మై నేషన్' పేరుతో మార్కెట్లోకి వచ్చాయి. పెట్రోలు బంకుల సంఖ్య పెరిగింది. 1796 నాటి సంగారెడ్డి పాతజైలును ప్రదర్శనశాలగా మార్చి, 2016లో రోజుకు 500 రూపాయల రుసుముతో సందర్శకులకు జైలుజీవితం రుచిచూపే పథకం ప్రారంభించారు. ఖైదీకి శిక్షగా ఉన్న గది సందర్శకునికి వినోదమైంది.

ఈ అనుభవాన్ని అంచనా వేసేటప్పుడు అమ్మకాల మొత్తాన్నీ లాభాన్నీ వేరుచేసి చూడాలి. బంకులో వసూలయ్యే సొమ్ములో అధికభాగం ఇంధనం ధరకూ పన్నులకూ పోతుంది. నిర్వాహకునికి మిగిలేది కొద్దిపాటి కమీషన్ మాత్రమే. తివాచీ ధరలో నేత విలువ ఎంతో ఉంటుంది. పెట్రోలు ధరలో ఖైదీ శ్రమ విలువ స్వల్పం. అందువల్ల అమ్మకాలు ఎంత పెరిగినా, ఖైదీ నేర్చిన వృత్తి అంతగా పెరిగినట్లు కాదు.

మరో అంశం విచారణఖైదీలది. 2022 జాతీయ గణాంకాల ప్రకారం దేశంలోని ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడువంతులు విచారణలో ఉన్నవారే. నేరం రుజువు కానివారిచేత నిర్బంధంగా పనిచేయించే వీలులేదు. కనుక ఈ లాభానికి ఆధారం ప్రధానంగా శిక్షపడిన కొద్దిమంది శ్రమే.

అయినప్పటికీ బంకుల వల్ల కలిగిన మేలును విస్మరించరాదు. విడుదలైన ఖైదీలకూ వాటిలో ఉద్యోగాలిచ్చారు. జైలునుంచి వచ్చినవానికి పనివ్వడానికి సమాజం జంకుతుంది. ఆ సమయంలో జైలే పనిచూపడం మౌఅట్ ఆశించిన సంస్కరణకు దగ్గరిది.

6. ముగింపు

* జైలు శ్రమ శిక్షలో భాగమా, ఉత్పత్తిసాధనమా అన్న వివాదం 1838 నుంచి కొనసాగుతోంది. నేటి జైలు వ్యాపారం దాని కొనసాగింపే.
* వరంగల్ తివాచీల చరిత్ర, జైలు చౌకదనపు భారం ఖైదీతోపాటు బయటి చేతివృత్తులవారిపైనా పడగలదని తెలుపుతుంది.
* 1998 తీర్పు తర్వాత, న్యాయమైన కూలి చెల్లించగా మిగిలినదే జైలు లాభం. కూలి ఎగవేతవల్ల మిగిలినది ఖైదీకి తీర్చవలసిన బాకీ.
* విడుదలైనవాడు ఎంత సంపాదించుకొని వెళ్లాడు, ఏ పని నేర్చుకొన్నాడు, ఎక్కడ ఉద్యోగం పొందాడు అన్న వివరాలు అమ్మకాల లెక్కతోపాటు ప్రకటితమైనప్పుడే జైలు కార్ఖానా విజయాన్ని సరిగా అంచనా వేయడం సాధ్యమవుతుంది.