మెతుకుసీమ మహాదేవాలయము

కతీడ్రల్ పట్టణాల మాట వచ్చినప్పుడు పెద్దలు సాధారణంగా ఫ్రాన్సు దేశంలోని షార్త్ర్ పట్టణాన్ని ఉదాహరిస్తారు. గోధుమ పొలాల నడుమ చిన్న ఊరు, ఊరిని మించిన గుడి. 1194లో అగ్నిప్రమాదంలో చాలావరకు కాలిపోయిన దేవాలయాన్ని తిరిగి కట్టుకొని 1260లో ప్రతిష్ఠించుకొన్నారు. పొలాలకు అడ్డంపడి నడచివచ్చే యాత్రికునికి ఊరికంటె ముందు గోపురాలే కనిపిస్తాయట. అట్టి అనుభవం మనకు కావలెనంటే సముద్రాలు దాటనక్కరలేదు. మెదక్ పోతే చాలు.

మెదక్ పాత కోట ఊరు. కాకతీయుల కాలం నాటి కోటను తర్వాత కుతుబ్ షాహీలు ఏలారు. గుల్షనాబాదు అని కూడా పిలిచేవారు. జనం నోట మాత్రం అది మెతుకుసీమే. మెతుకు పేరిట వెలసిన ఊళ్లో మెతుకు కరువైన రోజులలోనే ఈ దేవాలయం లేచింది.

చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు వెస్లియన్ మిషనెరీ. 1895లో సికింద్రాబాదు ప్రాంతానికి వచ్చి, పిమ్మట మెదక్ చేరారు. అప్పటికి అక్కడున్నది పెంకుల కప్పు గల చిన్న ప్రార్థన మందిరం. 1914లో క్రొత్త దేవాలయపు పని మొదలైంది. అవి మొదటి ప్రపంచ యుద్ధపు దినాలు. పైగా క్షామం. ఊరికే గంజి పోసి పంపుటకంటె పని ఇచ్చి అన్నం పెట్టుట మేలని దొరగారు తలచారు. ఆకలిగొన్నవారు పల్లెపల్లె నుండి వచ్చి రాళ్లు మోశారు, సున్నం మోశారు. పదేండ్లు పట్టింది. నేలకు పరచిన రంగుల పలకలు ఇంగ్లండు నుండి వచ్చాయి, వాటిని పరచినవారు ఇటలీ పనివారు. బరువు మోసినది మాత్రం మనవారే. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం. అయిదు వేలమంది కూర్చోగలరు. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, ప్రతిష్ఠ జరిగింది.

గోపురం చార్మినారును మించిపోతుందని నిజాము ప్రభుత్వం అభ్యంతరపెట్టిందని ఒక కథ చెప్పుకొంటారు. చెప్పుకోనివ్వండి. అంత ఎత్తుకు తట్ట మోసినదెవరన్న ప్రశ్న నాకు అంతకంటె పెద్దది.

ఇంకొక సంగతి మనలో చాలామంది మరచిపోయారు. ప్రతిష్ఠనాటికి ఇది కతీడ్రల్ కాదు. బిషప్పు పీఠం ఉన్న దేవాలయానికే ఆ పేరు. వెస్లియన్ సంఘంలో మనకు బిషప్పులు లేరు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, ఫ్రాంక్ విట్టేకర్ గారు మెదక్ మొదటి బిషప్పు అయిన తర్వాతనే ఆ హోదా వచ్చింది. కట్టినవారు కట్టింది కేవలం ఒక ప్రార్థన మందిరాన్ని.

రంగుటద్దాలూ ఒక్కసారి వచ్చినవి కావు. బలిపీఠం వెనుక ఆరోహణ చిత్రం 1927లో, పడమటివైపు క్రీస్తు జననం 1947లో, తూర్పున సిలువ 1958లో అమర్చారు. మూడూ ఫ్రాంక్ సాలిస్‌బరీ అను ఆంగ్ల చిత్రకారుని కల్పనలే. వెలుగు తగిలినంతసేపే వాటి అందం. పొద్దుగూకితే ఏమీ కనిపించదు. అందుకే పల్లెల నుండి వచ్చినవారు పెందలకడనే లోపలికి పోవలెనని తొందరపడతారు. మా ఆలేరువారు సికింద్రాబాదు వరకు రైలులో పోయి, అక్కడ బస్సు ఎక్కేవారు. మెదక్‌కు రైలు వచ్చింది 2022లో మాత్రమే.

షార్త్ర్ అద్దాల గురించి ఒక మాట చెప్పవలెను. అక్కడ పరిశుద్ధుల చిత్రాల అడుగున రొట్టెలు కాల్చేవారు, చెప్పులు కుట్టేవారు, వడ్రంగులు, నీళ్లు మోసేవారు తమ పనిలో ఉన్నట్లే కనిపిస్తారు. ఎనిమిది వందల ఏండ్లు గడచినా వారిని చూడవచ్చు. మనకు నూరేండ్లే అయినవి. దొరగారి పేరు పసిపిల్లలకు సైతం తెలుసు. తెలియవలసినదే. రాయి మోసినవారి పేర్లు మాత్రం ఇండ్లలోనే ఉండిపోయినవి. చెప్పగల ముసలివారు ఏటేటా తగ్గిపోతున్నారు.

కనుక ఈ సంచిక చదివే సంఘస్థులకు నా మనవి ఒక్కటే. మీ ఇంట తాతగాని, ముత్తవ్వగాని మెదక్ గుడి పనికి పోయినట్లు విని ఉంటే, ఆ పేరు, ఊరు, చేసిన పని ఒక కాగితం మీద రాసి మీ పాస్టరుగారికి ఇవ్వండి. పూర్తి వివరం లేకపోయినా ఫరవాలేదు. పేరు ఒక్కటి ఉన్నా రాయండి.