కొండ శిఖరం నుండి ఇంటి పైకప్పుకు: అమెరికాలో రెండువైపుల రేడియో రిపీటర్ చరిత్ర

వ్యాససంగ్రహం

రెండువైపుల రేడియో సంభాషణకు దూరాన్ని సమకూర్చే సాధనం రిపీటర్. అమెరికాలో పోలీసు, టాక్సీ వ్యవస్థల అవసరాలతో ఎదిగిన పరికరాలు అమెచ్యూర్ల చేతికి, ఆపై సాధారణ కుటుంబాల ఇళ్ళకు చేరి ఇంటి రిపీటర్లుగా మారిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ ప్రయాణానికి నూతన ఆవిష్కరణల కన్నా, ఛానెల్ వెడల్పును కుదించిన రెండు ప్రభుత్వ ఆదేశాలు, వాటి వలన మూలపడిన పాత పరికరాలు ఎక్కువగా తోడ్పడ్డాయన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలక పదాలు: రిపీటర్, అమెచ్యూర్ రేడియో, జీఎంఆర్ఎస్, డూప్లెక్సర్, తరంగ నియంత్రణ, పాత పరికరాల పునర్వినియోగం

1. ప్రవేశిక

రేడియో అనగానే తెలుగు పాఠకునికి ఆకాశవాణి స్ఫురిస్తుంది. ఒకరు పలుకగా లక్షలమంది వినడం దాని స్వభావం. ఇద్దరు పరస్పరం మాట్లాడుకునే రేడియోది వేరొక చరిత్ర. చేతిలో పట్టుకున్న వాకీటాకీ ఏంటెన్నా నేల నుండి మీటరున్నర ఎత్తులో ఉంటే దాని రేడియో దిగంతం సుమారు 5 కిలోమీటర్లు. ఇళ్ళు, చెట్లు అడ్డువస్తే అందులో సగం కూడా దక్కదు. ఈ పరిమితిని దాటడానికి ఎత్తైన చోట ఒక యంత్రాన్ని నిలుపుతారు. అది ఒక పౌనఃపున్యంపై విన్న మాటను అదే క్షణంలో మరొక పౌనఃపున్యంపై, ఎక్కువ శక్తితో తిరిగి పలుకుతుంది. అదే రిపీటర్.

ఈ యంత్రాన్ని గురించిన కథనాలలో ఎత్తుకే ప్రాధాన్యం ఎక్కువ. కొండ దొరికితే పని అయిపోయినట్లే అన్న భావన వాటిలో కనిపిస్తుంది. నిజానికి ఎత్తు సులభమైన భాగం. తాను బిగ్గరగా పలుకుతూనే దూరాన ఉన్న బలహీన స్వరాన్ని వినగలగడం కష్టమైన భాగం. రిపీటర్ కొండ దిగి ఇంటికి రావడానికి పట్టిన కాలమంతా ప్రధానంగా ఈ చిక్కు వల్లనే పట్టింది. దానికి నియమాల చిక్కు తోడైంది.

2. పోలీసు కారు నుండి టాక్సీ వరకు

డెట్రాయిట్ పోలీసుల రేడియో 1928లో క్రమబద్ధంగా పనిచేయడం మొదలుపెట్టింది. అది ఒకవైపు మాత్రమే నడిచేది. కారులోని పోలీసు ఆదేశాన్ని వినగలడు గాని బదులు చెప్పలేడు. న్యూజెర్సీలోని బేయోన్ పట్టణంలో 1933లో కారు నుండి కూడా మాట్లాడే ఏర్పాటు వచ్చింది. ఇవన్నీ ఏఎం పద్ధతివి. ఇంజను నిప్పురవ్వల రొద, విద్యుత్ తీగల రొద వాటిని వేధించేవి.

ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1933 డిసెంబరులో ఎఫ్ఎం పేటెంట్లు లభించాయి. సంగీత ప్రసారానికి ఉద్దేశించిన ఆ పద్ధతి కదిలే వాహనాలకు ఇంకా బాగా అమరింది. కనెక్టికట్ రాష్ట్ర పోలీసు కోసం డేనియల్ నోబుల్ అనే ఆచార్యుడు 1940లో రాష్ట్రవ్యాప్త ఎఫ్ఎం రెండువైపుల వ్యవస్థను రూపొందించాడు. ఒకే పౌనఃపున్యంపై రెండు సంకేతాలు వస్తే బలమైనది బలహీనమైనదాన్ని పూర్తిగా అణచివేయడం ఎఫ్ఎం లక్షణం. రొద తగ్గడానికి దోహదపడినవాటిలో ఇదొకటి. తరువాతి కాలంలో రిపీటర్‌పై ఎవరి మాట నెగ్గుతుందో నిర్ణయించినదీ ఇదే.

యుద్ధానంతరం టాక్సీలు, సరకు రవాణా, విద్యుత్ సంస్థలు ఈ రేడియోలను విరివిగా కొన్నాయి. కారు డిక్కీలో బరువైన ఇనుప పెట్టె, డ్రైవరు ముందు చిన్న నియంత్రణ పలక అప్పటి రూపం.

3. మూలపడిన పెట్టెలు, కొత్త యజమానులు

అమెచ్యూర్ల తొలి రిపీటర్లలో ఒకటిగా ఆర్ట్ జెంట్రీ నెలకొల్పిన కె6ఎంవైకె ప్రసిద్ధి పొందింది. 1950ల దశకంలో లాస్ ఏంజెలెస్‌లోని మౌంట్ లీపై అది పనిచేసింది. ఆ కొండ ఎత్తు సుమారు 520 మీటర్లు. సముద్రమట్టం నుండి లెక్కిస్తే అక్కడి రేడియో దిగంతం 90 కిలోమీటర్లు దాటుతుంది. అయితే అది తొలుత ఏఎం రిపీటర్. ఎఫ్ఎం రిపీటర్లు దేశమంతా వ్యాపించడానికి వేరొక కారణం ఉంది.

వాణిజ్య రేడియోల రద్దీ పెరగడంతో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, ఛానెళ్ళను ఇరుకు చేయక తప్పలేదు. ఎఫ్ఎం డీవియేషన్‌ను 15 కిలోహెర్ట్జ్ నుండి 5 కిలోహెర్ట్జ్‌కు కుదించాలన్న ఆదేశం 1960ల తొలినాళ్ళ నాటికి అమలైంది. పోలీసు శాఖలు, టాక్సీ సంస్థలు తమ పాత వెడల్పు రేడియోలను వదిలించుకున్నాయి. అమెచ్యూర్లకు ఆ ఆదేశం వర్తించదు. తుక్కు ధరకు వచ్చిన మోటొరోలా, జనరల్ ఎలక్ట్రిక్ పెట్టెలను వారు కొని, స్ఫటికాలు మార్చి, రెండు మీటర్ల బ్యాండుకు శ్రుతి చేసుకున్నారు.

స్ఫటికానికి ఖర్చు ఉంది. ఒక్కొక్క ఛానెల్‌కు రెండు స్ఫటికాలు కావాలి. అందువలన అందరూ ఒకే జతను ఎంచుకోవడం లాభసాటి అయింది. 146.34పై వినడం, 146.94పై పలకడం అనే జత దేశంలో అత్యంత పరిచితమైంది. వాటి మధ్య తేడా 600 కిలోహెర్ట్జ్. ఈ తేడా క్రమేణా రెండు మీటర్ల రిపీటర్లన్నింటికీ ప్రమాణంగా స్థిరపడింది. సాంకేతికంగా చూస్తే ఇది మంచి ఎంపిక కాదు. అలవాటు ప్రమాణమైనపుడు దాని మూల్యాన్ని తరువాతి తరాలు చెల్లిస్తాయి. ఆ మూల్యం ఎంతటిదో చూడవలసి ఉంది.

4. పలుకుతూ వినడం

50 వాట్ల ప్రసారిణి శక్తికి, మంచి గ్రాహకం వినగలిగే 0.25 మైక్రోవోల్టుల సంకేత శక్తికి మధ్య నిష్పత్తి సుమారు 40 వేల లక్షల కోట్ల రెట్లు. డెసిబెల్స్‌లో చెబితే 166. ఈ రెండూ ఒకే పెట్టెలో, ఒకే సమయంలో పనిచేయాలి. చిక్కు రెండు విధాలుగా వస్తుంది. సొంత ప్రసార బలం గ్రాహకాన్ని ముంచివేయడం ఒకటి. ప్రసారిణి తన పౌనఃపున్యానికి ఇరువైపులా వెదజల్లే రొద సరిగ్గా వినే పౌనఃపున్యంపై పడడం రెండవది. గ్రాహకాన్ని ఎంత మెరుగుపరచినా రెండవ దోషం పోదు. దానిని ప్రసారిణి వైపే ఆపాలి. గ్రాహకపు సొంత వరణశక్తి కొంత మోసినా, మిగిలిన 75 నుండి 90 డెసిబెల్స్ ఎడబాటును బయటినుండి కల్పించవలసి వస్తుంది.

ఏంటెన్నాలను ఒకదానిపై ఒకటిగా స్తంభానికి బిగించడం పాత మార్గం. 465 మెగాహెర్ట్జ్ వద్ద వాటి మధ్య 3 మీటర్ల నిలువు ఎడం ఉంటే సుమారు 55 డెసిబెల్స్, 6 మీటర్లుంటే 67 డెసిబెల్స్ లభిస్తాయి. అదే 6 మీటర్ల ఎడంలో పక్కపక్కన నిలిపితే 41కి మించదు. ఏంటెన్నాల గెయిన్ దానిని ఇంకా తగ్గిస్తుంది. రెండు మీటర్ల బ్యాండులో 6 మీటర్ల నిలువు ఎడం 47 డెసిబెల్స్ మాత్రమే ఇస్తుంది. ఆ బ్యాండు వారు కొన్నిచోట్ల గ్రాహకాన్ని ఒక కొండపై, ప్రసారిణిని మరొక కొండపై ఉంచి వేరొక రేడియోతో కలిపింది ఇందుకే.

రెండవ మార్గం డూప్లెక్సర్. లోహపు గొట్టాలలో తరంగాన్ని అనునాదింపజేసి ఒక పౌనఃపున్యాన్ని పోనిచ్చి, మరొకదాన్ని ఆపే సాధనమిది. దీనితో ఒకే ఏంటెన్నా చాలు. పావు తరంగదైర్ఘ్యపు గొట్టం 146 మెగాహెర్ట్జ్ వద్ద అరమీటరు పైన పొడవుంటుంది. 465 వద్ద 16 సెంటీమీటర్లు. 600 కిలోహెర్ట్జ్ తేడా 146లో అరశాతం కన్నా తక్కువ కాబట్టి అంత దగ్గరి పౌనఃపున్యాలను విడదీయడానికి అలాంటి పెద్ద గొట్టాలు నాలుగో ఆరో కావాలి. దీనికి భిన్నంగా, పౌర రేడియోకు దక్కిన 462, 467 మెగాహెర్ట్జ్ జతలో తేడా 5 మెగాహెర్ట్జ్, అంటే ఒక శాతం పైన. అక్కడ డూప్లెక్సర్ పుస్తకమంత పెట్టెలో ఒదుగుతుంది. ఇంటి రిపీటర్ చరిత్రలో ఇంతటి నిర్ణాయకమైన అంశం మరొకటి లేదు. అయినా దీనిని ఇంటి అవసరాన్ని ఊహించి ఎవరూ నిర్ణయించలేదు.

5. యంత్రం ఎవరిది?

రిపీటర్లు పెరిగేకొద్దీ తగవులూ పెరిగాయి. వేన్ గ్రీన్ సంపాదకత్వంలోని 73 పత్రిక ఎఫ్ఎం రిపీటర్లకు విస్తృత ప్రచారమిచ్చింది. పాత తరం అమెచ్యూర్లలో కొందరు వీటిని సోమరుల రేడియోగా పరిగణించారు. 1972లో ఎఫ్‌సీసీ తెచ్చిన నియమాలు రిపీటర్లకు ప్రత్యేక లైసెన్సును, ప్రత్యేక తరంగభాగాలను, సుదీర్ఘమైన దరఖాస్తును విధించాయి. ఏంటెన్నా ప్రసరణ చిత్రం నుండి యంత్ర నిర్మాణ రేఖాచిత్రం వరకు సమర్పించవలసి వచ్చింది. ఆ భారం దశాబ్దాంతానికి చాలావరకు సడలింది.

టెలిఫోన్‌కు ఇతరుల పరికరాలను కలుపవచ్చునన్న 1968 నాటి కార్టర్‌ఫోన్ తీర్పు తరువాత, రిపీటర్ ద్వారా ఫోన్ చేసే ఆటోప్యాచ్ వ్యాపించింది. సెల్‌ఫోన్ లేని కాలంలో కారు నుండి ఇంటికి ఫోన్ చేయడం చిన్న ఆకర్షణ కాదు. దానితో పాటే ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న వచ్చింది. కొందరు యజమానులు సభ్యులకే పరిమితమైన రిపీటర్లు నడిపారు. వినిపించని శ్రుతిని మాటతో పాటు పంపితే తప్ప యంత్రం తెరుచుకోని ఏర్పాటు వాణిజ్య రేడియోలో 1950ల నుండే ఉంది. అన్య సంకేతాలను ఆపడానికి పుట్టిన ఆ సాధనం తలుపు తాళంగా మారింది. గాలి అందరిదైనా కొండపై గది, విద్యుత్తు, యంత్రం ఒకరి సొంతం. ఈ వైరుధ్యాన్ని ఎఫ్‌సీసీ పరిష్కరించలేదు. 1980ల మధ్యలో ఒక్క సూత్రాన్ని మాత్రం స్థిరపరచింది: స్వచ్ఛంద సమన్వయకర్తల అనుమతి ఉన్న రిపీటర్‌కు, లేని రిపీటర్‌కు మధ్య అంతరాయం తలెత్తితే దానిని తొలగించే ప్రధాన బాధ్యత అనుమతి లేనివారిది.

6. కుటుంబానికి ఒక లైసెన్సు

పరీక్ష రాయని పౌరునికి రేడియో అన్న ఆలోచన 1945 నాటిది. ఆ సంవత్సరం 460–470 మెగాహెర్ట్జ్ భాగాన్ని పౌరుల రేడియోకు కేటాయించారు. ఆల్ గ్రాస్ తయారుచేసిన పరికరానికి 1948లో ఆమోదం లభించింది. 1958లో 27 మెగాహెర్ట్జ్‌పై వచ్చిన చవకైన సీబీ రేడియో జనాదరణను కొల్లగొట్టింది. పాత భాగంలో అధికాంశం వ్యాపార, ప్రజాభద్రతా సేవలకు పోయింది. మిగిలిన కొద్ది ఛానెళ్ళ క్లాస్ ఏ సేవే జనరల్ మొబైల్ రేడియో సర్వీస్, వాడుకలో జీఎంఆర్ఎస్ అయింది. మొదట దీనిలో చిన్న వ్యాపారాలూ ఉండేవి. 1987 జూలై 31కి ముందు లైసెన్సు పొందిన సంస్థలు తప్ప తక్కినదంతా వ్యక్తులకే పరిమితమైంది. ఒకరి లైసెన్సు కింద జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు, తాత అవ్వలు, తోబుట్టువులు, పినతండ్రులు, మేనత్తలు, వియ్యపు బంధువులు కూడా మాట్లాడవచ్చు. తరంగ నియంత్రణ పత్రంలో బంధుత్వాల పట్టిక ఉండడం ఒక వింత.

1996లో లైసెన్సు లేని ఎఫ్ఆర్ఎస్ సేవ వచ్చి చిన్న రేడియోలను బజారుకెక్కించింది. వాటికి రిపీటర్ వాడే హక్కు లేదు. 2017 సంస్కరణ జీఎంఆర్ఎస్ లైసెన్సు కాలాన్ని అయిదేళ్ళ నుండి పదేళ్ళకు పెంచింది. 2022 ఏప్రిల్‌లో రుసుము 70 డాలర్ల నుండి 35కు తగ్గింది.

ఎఫ్ఆర్ఎస్ రాకకు, 2017 సంస్కరణకు మధ్యకాలంలో చరిత్ర ఒకసారి పునరావృతమైంది. 2013 జనవరి 1 నాటికి 150–512 మెగాహెర్ట్జ్‌లోని వాణిజ్య, ప్రభుత్వ రేడియోలన్నీ 25 కిలోహెర్ట్జ్ ఛానెల్ నుండి 12.5కు మారాలని ఎఫ్‌సీసీ ఆదేశించింది. జీఎంఆర్ఎస్‌కు మినహాయింపు ఉంది. అర్ధశతాబ్దం కిందట టాక్సీ రేడియోలకు జరిగినదే మళ్ళీ జరిగింది. దృఢమైన వాణిజ్య రేడియోలు, రిపీటర్లు, డూప్లెక్సర్లు పాత ధరలో చిన్న భాగానికి అమ్ముడుపోయాయి. అదే దశాబ్దంలో వచ్చిన చవకైన చైనా వాకీటాకీలు వినియోగదారులను పెంచినా, ఇంటి అటకపై నిలిచిన యంత్రాలలో చాలా వాటికి ముడిసరకు ఇచ్చినది ఈ ఆదేశమే.

7. ఇంటి యంత్రం, దాని లోపాలు

ఇంటి రిపీటర్ సాధారణ రూపం రెండు కారు రేడియోలను వెన్ను వెన్ను కలిపి తీగతో జోడించినది. ఒకటి వింటుంది, మరొకటి పలుకుతుంది. ఇక్కడ చేసే మొదటి తప్పు శక్తిని పెంచడం. నియమం 50 వాట్ల వరకు అనుమతించినా, కారు రేడియో అప్పుడప్పుడు మాట్లాడడానికి రూపొందినది. రిపీటర్‌లో అది నిమిషాల తరబడి పలకాలి. అనుభవజ్ఞులు దానిని సగానికో, అంతకన్నా తక్కువకో దించి, పంకా అమర్చి, మూడు నిమిషాలకు దానంతట అదే ఆగే గడియారం పెట్టారు.

రెండవ తప్పు కేబుల్‌లో పొదుపు. సన్నని ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లలో, 450 మెగాహెర్ట్జ్ వద్ద దాదాపు 10 డెసిబెల్స్ మింగుతుంది. పది వాట్లు పంపితే ఒక వాటు చేరుతుంది. వినే శక్తి కూడా అంతే తగ్గుతుంది. అర అంగుళపు గట్టి కేబుల్‌లో నష్టం 1.5 డెసిబెల్స్ మాత్రమే. నష్టం తక్కువని ప్రసిద్ధమైన ఎల్ఎంఆర్-400 కేబుల్ విషయం ఆసక్తికరం. అందులో అల్యూమినియం రేకు, తగరం పూసిన రాగి అల్లిక ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. ఒకవైపు వాడుకలో ఏ లోపమూ కనబడదు. ఏకకాలంలో పలుకుతూ వినేటపుడు మాత్రం ఆ స్పర్శల నుండి చిటపట రొద పుడుతుంది. వదులైన కనెక్టరు, తుప్పు పట్టిన బిగింపు కూడా అదే పని చేస్తాయి. దూరాన ఉన్నవారి మాట బాగా మొదలై, ప్రసారిణి లేవగానే తెగిపోతే దోషం ఇక్కడ వెదకాలి.

చివరిది ఎత్తు. 9 మీటర్ల ఏంటెన్నాకు దిగంతం 12 కిలోమీటర్లు. చేతి రేడియో దిగంతాన్ని కలిపితే 17. శక్తిని రెట్టింపు చేస్తే 3 డెసిబెల్స్ పెరుగుతాయి. ఏంటెన్నాను చెట్ల పైకి లేపితే అంతకన్నా చాలా ఎక్కువ దక్కుతుంది. ఒక కుటుంబానికి, పొలానికి, పక్క వీధికి ఇది చాలు.

8. భారతదేశంతో తేడా

భారతదేశంలో 1933 చట్టం నాటి నుండి వైర్‌లెస్ పరికరాన్ని కలిగి ఉండడానికే అనుమతి కావాలి. అమెచ్యూర్లు పరీక్ష రాసి లైసెన్సు పొందుతారు. 1983లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తెలుగు ప్రాంతంలో వారికి ముఖ్య కేంద్రం. 2018 నియమాలు 446.0–446.2 మెగాహెర్ట్జ్‌లో అల్పశక్తి వాకీటాకీలను లైసెన్సు నుండి మినహాయించాయి. అయితే కుటుంబం పేరిట రిపీటర్ నిలిపే జీఎంఆర్ఎస్ వంటి సేవ ఇక్కడ లేదు. అమెరికా పౌనఃపున్యాలకు తయారైన రేడియోలు ఆన్‌లైన్‌లో దొరికినా అవి ఇక్కడ చెల్లవు. అటువంటి పరికరాలను ఈ-కామర్స్ వేదికలపై అనుమతి వివరాలు చూపకుండా అమ్మడాన్ని అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2025లో మార్గదర్శకాలు జారీచేసింది.