చిప్పు వేగమునకు హద్దు ఎక్కడ?

పది బస్తాలు మోయునని చెప్పి వడ్రంగి చేసి ఇచ్చిన బండి, పదకొండవ బస్తా ఎక్కించినంత మాత్రమున విరిగిపోదు. ఈ సంగతి రైతుకు తెలియును. వడ్రంగి తన మాటకును బండి బలమునకును నడుమ కొంత ఎడము ఉంచియే చెప్పును. బాట గతుకులది కావచ్చును, ఎద్దులు బెదరవచ్చును, వానకు కొయ్య నానవచ్చును. ఆ ఎడము ఇవి అన్నిటికొరకు ఉన్నది.

కంప్యూటరు చిప్పులలో కూడ ఇట్టి ఎడము కలదు. దానిని కనుగొని వాడుకొనుటకు ఓవర్‌క్లాకింగ్ అని పేరు. ఆటలకొరకు చేసిన చిన్న ల్యాప్‌టాప్‌ను కొన్న యువకుడు నేడు దానిలోని గ్రాఫిక్సు చిప్పు వేగమును కొంత పెంచవలెనని కూర్చున్నచో, అతడు నలుబది యేండ్లకు పైబడిన ఒక వెదకులాటను కొనసాగించుచున్నాడన్నమాట. ఆ చరిత్ర తెలిసినచో అతని పని సులువగును, పొరపాట్లును తగ్గును.

మొదట చిప్పు వేగమనగా ఏమో చూతము. చిప్పులో ఒక గడియారము వంటి సంకేతము నిరంతరము కొట్టుకొనుచుండును. ఒక్కొక్క కొట్టుకు ట్రాన్సిస్టరులు ఒక్కొక్క మెట్టు లెక్కను ముగింపవలెను. 1971లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004 అను చిప్పులో 2300 ట్రాన్సిస్టరులు ఉండెను. దాని గడియారము సెకండునకు 7 లక్షల 40 వేల మారులు కొట్టుకొనెడిది. నేటి గ్రాఫిక్సు చిప్పులలో ఆ సంఖ్య సెకండునకు నూరు కోట్లను దాటినది. మెట్టు ముగియకముందే తరువాతి కొట్టు వచ్చినచో లెక్క తప్పును. ఒకే సిలికాను పలక నుండి కోసిన చిప్పులన్నియు సమానముగా ఉండవు. కొన్ని చురుకైనవి, కొన్ని మందమైనవి. వేడిగదిలో మందమైన చిప్పు కూడ తప్పులేక పనిచేయునట్లు తయారీదారు వేగమును నిర్ణయించును. అందుచేత చురుకైన చిప్పు కొన్నవానికి వాడని బలము కొంత మిగిలియుండును.

1981లో ఐబీఎమ్ సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరు వేగము 4.77 మెగాహెర్ట్జ్. ఈ వింత సంఖ్య ఎట్లు వచ్చినది? రంగుల టెలివిజను సంకేతమునకు పనికివచ్చునట్లు యంత్రములో 14.31818 మెగాహెర్ట్జ్ క్వార్ట్జు స్ఫటికమును అమర్చిరి. దానిని మూడుతో భాగించగా వచ్చినది 4.77. అనగా చిప్పు బలమునుబట్టి కాక, స్ఫటికముతో కుదిరిన పొత్తునుబట్టి వేగము ఏర్పడినది.

1984లో అదే సంస్థ ఏటీ అను కంప్యూటరును తెచ్చినది. అందులో 12 మెగాహెర్ట్జ్ స్ఫటికముండెను. చిప్పు దానిలో సగము వేగమున, అనగా 6 మెగాహెర్ట్జ్‌తో నడచెడిది. కొందరు వాడుకరులు ఆ స్ఫటికమును పెరికి, స్వల్పమైన ఖర్చుతో 16 మెగాహెర్ట్జ్ స్ఫటికమును పెట్టిరి. యంత్రము 8 మెగాహెర్ట్జ్‌తో నడచినది. వేగము మూడవ వంతు పెరిగినది. సంస్థకు ఇది నచ్చలేదు. యంత్రము మొదలైనపుడు నడచు ప్రోగ్రాములో వేగమును కొలిచి, మితిమీరినచో ఆగిపోవునట్లు తరువాత ఒక మార్పు చేసినది. తయారీదారునకును సొంతదారునకును నడుమ తగవు ఇక్కడనే మొదలైనది. ఇది మరల రానున్నది.

1998లో ఇంటెల్ సంస్థ తక్కువ ధరకు సెలెరాన్ 300ఏ అను చిప్పును అమ్మినది. 66 మెగాహెర్ట్జ్ మూలవేగమును నాలుగున్నరతో హెచ్చింపగా దాని వేగము 300. ఈ నాలుగున్నరను మార్చుటకు వీలులేదు. మూలవేగమును మాత్రము మదర్‌బోర్డుపై మార్చవచ్చును. 66కు బదులు 100 పెట్టగా 450 మెగాహెర్ట్జ్ వచ్చినది. అనేకమైన చిప్పులు ఈ సగము పెంపును తట్టుకొన్నవి. స్ఫటికమును పెరుకవలసిన పని లేకపోవుటచే ఓవర్‌క్లాకింగ్ కొద్దిమంది నిపుణుల నుండి సామాన్యుల చేతికి వచ్చినది.

గ్రాఫిక్సు చిప్పులకును ఆ కాలముననే ఈ గాలి సోకినది. 1996 నాటి వూడూ కార్డు 50 మెగాహెర్ట్జ్‌తో నడచెడిది. 1999లో ఎన్‌విడియా వారి జీఫోర్స్ 256 చిప్పు వేగము 120 మెగాహెర్ట్జ్. రివాట్యూనర్ వంటి ప్రోగ్రాములు వచ్చిన పిదప తెరమీద ఒక మీటను జరిపి వేగము మార్చుట సాధ్యమైనది. పెంచిన వేగమున చిప్పు నిలుచునా లేదా అని పరీక్షించు ప్రోగ్రాములు కూడ బయలుదేరెను. ఫిన్లండు దేశమున పుట్టిన త్రీడీమార్క్ వానిలో ప్రసిద్ధమైనది; దాని మొదటి కూర్పు 1998లో వెలువడినది.

గ్రాఫిక్సు చిప్పు తప్పుచేయు తీరు వేరు. కంప్యూటరు ఆగిపోకుండగనే తెరమీద చుక్కలు, గీతలు, రంగురంగుల ముక్కోణములు కనబడును. చూచువాడు ఇంకను ఆట నడచుచున్నది గదా యని సంతోషించును. చిప్పు మాత్రము అప్పటికే లెక్క తప్పినది. 2007లో వచ్చిన విండోస్ విస్టా మరియొక ఏర్పాటు తెచ్చినది: గ్రాఫిక్సు చిప్పు రెండు సెకండులలో బదులు పలుకనిచో దానిని తిరిగి మొదలుపెట్టును. అంతకుముందు యంత్రమంతయు బిగిసిపోవుచుండగా, ఇపుడు తెర ఒక్కక్షణము నల్లబడి మరల వెలుగును. ఈ నల్లబాటు హెచ్చరికయే గాని క్షమాపణ కాదు.

జ్ఞాపకమునకు సంబంధించిన మార్పు ఇంకను సూక్ష్మమైనది. జీడీడీఆర్5 అను గ్రాఫిక్సు జ్ఞాపకపు చిప్పులు రాకపోకలలోని తప్పులను పసిగట్టును. తప్పిన సమాచారమును మరల పంపుదురు. అందుచే జ్ఞాపకవేగమును మితిమీరి పెంచినపుడు తెర చెడదు. మరల మరల పంపుటతో కాలము వ్యర్థమై ఆట నెమ్మదించును. మీటమీద సంఖ్య పెరుగుచుండగా ఫలితము తరుగుచుండుట మొదట చూచినవారికి విడ్డూరముగా తోచినది. వేగమును మీటమీద కాక, పని ముగిసిన కాలములో కొలువవలెనను పాఠము దీనివలన నేర్చుకొనిరి.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. 2010లో ఏలియన్‌వేర్ ఎమ్11ఎక్స్ అను 11.6 అంగుళముల ల్యాప్‌టాప్ వచ్చినది. ఇంత చిన్న యంత్రములో ఆటలకు తగిన ప్రత్యేక గ్రాఫిక్సు చిప్పు ఉండుట అరుదు. మేజాబల్ల మీది కంప్యూటరులో పెద్ద ఫ్యానులకు, లోహపు రెక్కలకు చోటున్నది. చిన్న ల్యాప్‌టాప్‌లో పలుమారు ముఖ్యచిప్పు, గ్రాఫిక్సు చిప్పు ఒకే రాగి గొట్టము మీదుగా వేడిని బయటికి పంపవలెను. విద్యుత్తును ఇచ్చు అడాప్టరు శక్తి కూడ పరిమితము. ఒకే పొయ్యిమీద రెండు కుండలు పెట్టినట్లు, ఒకదానికి మంట పెంచిన రెండవదియు పొంగును.

చిప్పు తీసికొను విద్యుచ్ఛక్తి వేగముతో సమముగా పెరుగును. వోల్టేజితో మాత్రము దాని వర్గమునుబట్టి పెరుగును. లెక్క చూడుడు. వేగమును నూటికి పది పెంచుటకు వోల్టేజిని కూడ నూటికి పది పెంచవలసివచ్చినచో శక్తి 1.1ను మూడుమారులు హెచ్చించినంత, అనగా 1.33 రెట్లు అగును. పదిపాళ్ల వేగమునకు ముప్పదిమూడు పాళ్ల వేడి! అదే, వేగమును మార్చక వోల్టేజిని నూటికి పది తగ్గింపగలిగినచో శక్తి 0.81 రెట్లకు దిగును. పందొమ్మిది పాళ్లు మిగులును.

ఈ లెక్క ప్రాముఖ్యము 2012 తరువాత బయటపడినది. ఆ సంవత్సరము వచ్చిన జీటీఎక్స్ 680 చిప్పునకు 1006 మెగాహెర్ట్జ్ మూలవేగము, 1058 పెంపువేగము అని రెండు సంఖ్యలు ప్రకటించిరి. వేడిని, విద్యుత్తును కొలుచుకొనుచు చిప్పే తన వేగమును క్షణక్షణము మార్చుకొనును. ఇట్టి చిప్పు ల్యాప్‌టాప్‌లో ఉండగా మీటను పైకి జరిపినచో మొదటి నిమిషములలో వేగము పెరుగును. పెట్టె వేడెక్కగానే చిప్పు వెనుకకు తగ్గును. అరగంట తరువాత చూచిన మునుపటి కన్న ఎక్కువ ఏమియు మిగులదు. ఫ్యాను మోత తప్ప.

2015 మొదటి నెలలలో పాతతగవు మరల తలయెత్తినది. ఎన్‌విడియా సంస్థ తన డ్రైవరులో ల్యాప్‌టాప్ గ్రాఫిక్సు చిప్పుల ఓవర్‌క్లాకింగ్‌ను మూసివేసినది. ల్యాప్‌టాప్‌లు దీనికొరకు చేసినవి కావనియు, హాని కలుగవచ్చుననియు సంస్థ వాదము. కొన్న వస్తువులోని సౌకర్యమును తరువాత తీసివేయుట న్యాయము కాదని వాడుకరుల వాదము. నిరసన పెరుగగా ఆ సంవత్సరము మార్చి డ్రైవరులో దానిని తిరిగి ఇచ్చిరి. రెండు వాదములలోను సత్యమున్నది. వేడి విషయమున తయారీదారు మాట కొట్టివేయరానిది. కాని ఆ హద్దును వెదకు స్వేచ్ఛ సొంతదారునకు ఉండవలెననుటయు అట్టిదే.

సమాధానము మరియొక దిక్కునుండి వచ్చినది. 2016 నాటి జీటీఎక్స్ 1080 తరము చిప్పులలో, ఏ వోల్టేజికి ఎంత వేగము అను రేఖను బిందువు బిందువుగా మార్చుటకు వీలుకలిగినది. దీనితో తక్కువ వోల్టేజికే మునుపటి వేగమును పొందు మార్గము తెరువబడినది. 2017లో పలుచని ల్యాప్‌టాప్‌లకొరకు ఎన్‌విడియా తానే మాక్స్-క్యూ అను ఏర్పాటును ప్రకటించినది. 180 వాట్లతో 1733 మెగాహెర్ట్జ్ ప్రకటించిన జీటీఎక్స్ 1080ని 110 వాట్లలో 1468 మెగాహెర్ట్జ్‌కు దించిరి. శక్తి ఐదింట రెండు వంతులు తగ్గగా వేగము ఆరింట ఒక వంతు కూడ తగ్గలేదు. 2018లో ఈ రేఖను యంత్రమే పరీక్షించి నిర్ణయించు ప్రోగ్రాము కూడ వచ్చినది.

ఈ చరిత్రయంతయు కలిసి చిన్న ల్యాప్‌టాప్ సొంతదారునకు ఒక పద్ధతిని ఇచ్చుచున్నది. మొదట ఏమియు మార్చకుండ అరగంట పరీక్ష నడిపి వేగమును, ఉష్ణోగ్రతను కాగితముపై వ్రాసికొనవలెను. ఫ్యానులోని దుమ్ము తీయుట మొదటి మెట్టు. తరువాత వోల్టేజి తగ్గించి చూడవలెను. అటుపిమ్మట చిప్పు వేగమును పది, పదిహేను మెగాహెర్ట్జ్ చొప్పున పెంచవచ్చును. ఆ సమయమున జ్ఞాపకవేగమును ముట్టరాదు. ఒకేసారి రెండు మార్చినచో తప్పు దేనిదో తెలియదు. త్రీడీమార్క్ వారి దీర్ఘపరీక్ష ఒకే దృశ్యమును 20 మారులు నడుపును. అన్నిటిలోను మందమైన ఆవృత్తి వేగము, మిక్కిలి చురుకైన ఆవృత్తి వేగములో నూటికి 97 పాళ్లకు తగ్గనిచో ఉత్తీర్ణత. తెరమీద మొదటి చుక్క కనబడిన చోట ఆగి, అక్కడ నుండి ఒకటి రెండు మెట్లు వెనుకకు రావలెను. పరీక్షలన్నియు ముగియువరకు, యంత్రము మొదలుకాగానే ఆ అమరిక దానంతట అదే వచ్చునట్లు పెట్టరాదు. తప్పు జరిగినచో తిరిగి మొదలుపెట్టి బయటపడు దారి ఉండవలెను.

మన ప్రాంతమువారు ఇంకొక సంగతి గమనింపవలెను. డిసెంబరు రాత్రి నిలిచిన అమరిక మే నెల మధ్యాహ్నమున నిలువకపోవచ్చును. వడ్రంగి వానను, గతుకులను తలచి ఎడము ఉంచినట్లే మనము వేసవిని తలచి ఎడము ఉంచవలెను. అదే యంత్రముపై చదువుకు, ఉద్యోగమునకు లెక్కలు చేయువారు ఉందురు. ఆటలో ఒక రంగుచుక్క నవ్వి ఊరకుండదగినది. ఎవరికిని కనబడక ఒక సంఖ్య మారిపోవుట అట్టిది కాదు.

ఏటీ స్ఫటికమును మార్చిననాడు వెదకినది ఎక్కువ వేగమును. నేడు చిన్న ల్యాప్‌టాప్‌లో వెదకవలసినది తక్కువ వేడిని. వేగము దాని వెనుక వచ్చును. చిప్పు ఒక్క నిమిషము అందుకొన్న సంఖ్య దాని హద్దు కాదు. మండువేసవిలో గంటలకొలది తప్పులేక నిలిచిన సంఖ్యయే దాని నిజమైన హద్దు.