వినియోగదారుల బహిష్కరణ (తూర్పు కనుమలు)

పర్యావరణానికి చేటు చేసే కంపెనీ సరుకు కొనడం మానేసి దాన్ని దారికి తెచ్చే పద్ధతి. పేరుమోసిన ఉదాహరణ 1995 నాటిది. పాతబడిన బ్రెంట్ స్పార్ చమురు నిల్వ కట్టడాన్ని సముద్రంలో ముంచేస్తామన్న షెల్ కంపెనీ, జర్మనీ వాహనదారులు దాని బంకుల మొహం చూడడం మానేసరికి ఆ జూన్‌లోనే వెనక్కి తగ్గింది.

అరకు కొండల్లో ఈ ఆయుధానికి పెద్దగా చోటు లేదు. అక్కడి గొడవ బాక్సైట్ తవ్వకాలపై, బాక్సైట్‌ను సంతలో ఎవరూ కొనరు. అది అల్యూమినియం గిన్నెగా ఇంటికి చేరేసరికి ఏ కొండదో చెప్పేవారుండరు. అందుకే పోరు భూమి చుట్టూ నడిచింది. అనంతగిరి మండలంలో గనుల లీజులపై ‘సమత’ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పిచ్చింది: గిరిజన ప్రాంతాల భూబదిలీని కట్టడి చేసే 1/70 చట్టం కింద ప్రభుత్వమూ ‘వ్యక్తే’, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు లీజులు చెల్లవు. చింతపల్లి ప్రాంతపు బాక్సైట్ కోసం 2015లో వచ్చిన జీవో 97 కూడా 2019లో రద్దయింది.

బహిష్కరణకు దగ్గరి చుట్టం ఇవే తూర్పు కనుమల్లో, ఒడిశా నియమగిరి విషయంలో కనిపిస్తుంది. అక్కడ బాక్సైట్ తవ్వబోయిన వేదాంత కంపెనీ వాటాలను నార్వే పింఛను నిధి 2007లో, ఇంగ్లండ్ చర్చి 2010లో వదిలించుకున్నాయి. తవ్వకాన్ని ఆపింది మాత్రం 2013లో 12 గ్రామసభలు ముక్తకంఠంతో చెప్పిన ‘వద్దు’.