మధ్యవర్తి ధర్మము: అహమ్మదాబాదు నేర్పిన పాఠము

తగవు అను మాటకు మన భాషలో జగడమనియు, న్యాయమనియు రెండర్థములు కలవు. మొదటి అర్థమునుండి రెండవ అర్థమునకు దారి చూపువాడే తగవరి. యంత్రశాలలు వెలసిన పిదప ఆతని బాధ్యత మరింత బరువైనది. 1918 నాటి అహమ్మదాబాదు ఉదంతమే ఇందుకు నిదర్శనము.

1917లో ఆ నగరమున ప్లేగు వ్యాపింపగా, పనివారు ఊరు విడిచి పోకుండుటకై మిల్లు యజమానులు ప్లేగు బోనస్ నిచ్చిరి. వ్యాధి తగ్గగానే దానిని నిలుప నెంచిరి. ధరలు మాత్రము తగ్గలేదు. నేతపనివారు నూటికి 50 చొప్పున హెచ్చింపు కోరిరి. యజమానులు 20కి మించి ఈయజాలమనిరి. ఇరుపక్షముల ప్రతినిధులతో ఒక మధ్యవర్తి సంఘము ఏర్పడెను గాని, తీర్పు రాకముందే కొన్ని మిల్లులలో పనివారు సమ్మె చేసిరి. గాంధీజీ తమ పక్షపు తప్పును ఒప్పుకొన్నను యజమానులు ఒడంబడికనుండి తొలగిరి. ఫిబ్రవరి 22న మిల్లులు మూతపడెను. వేతనములను, ధరలను విచారించి 35 న్యాయమని గాంధీజీ నిర్ణయించిరి.

యజమానుల నాయకుడు అంబాలాల్ సారాభాయి. పనివారి పక్షమున నిలిచినది ఆయన సోదరి అనసూయాబెన్. మార్చి 15న గాంధీజీ ఉపవాసము పూనిరి. మిత్రులైన యజమానులపై అది ఒత్తిడి కలిగించెననియు, అందు దోషము కలదనియు ఆయనయే ఆత్మకథలో ఒప్పుకొనిరి. 18న రాజీ కుదిరినది. మొదటి దినమున 35, రెండవ దినమున 20, పిదప తీర్పు వచ్చువరకు ఇరువదియేడున్నర. మధ్యవర్తి ఆచార్య ఆనందశంకర ధ్రువ.

ఇరువదియేడున్నర యనగా 20కి, 35కి సరిగా నడిమి అంకె. దానినే ఖాయపరచిన, ఎవరికిని పెద్ద కష్టము తోచెడిది కాదు. కాని ఆగస్టు 10న ధ్రువగారి తీర్పు 35 అని వెలువడెను.

ఇచ్చటనే మధ్యవర్తి ధర్మమున్నది. సగము పంచుటకు కూడికయు, భాగహారమును నేర్చిన బాలుడు చాలును. తూచుటకే పెద్దమనిషి కావలెను. ఇరువురిని మెప్పింప గోరువాడు తన మరుసటి నియామకమును తూచుచున్నాడు గాని సాక్ష్యమును కాదు. ఒక పక్షముతో తనకు గల సంబంధమును ముందే తెలుపుట, రెండవ పక్షము లేని చోట వాదము వినకుండుట, తనకు అప్పగించిన విషయమును దాటకుండుట, కారణములు వ్రాసి తీర్పు చెప్పుట: ఇవి ఆ ధర్మమునకు అంగములు.

పక్షములకును ధర్మము కలదు. 1954లో బ్యాంకు ఉద్యోగులను గూర్చిన అప్పిలేటు ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వము సవరింపగా, కేంద్ర కార్మికమంత్రి వి.వి. గిరిగారు పదవిని విడిచిరి. 1966లో కేంద్రోద్యోగులకై సంయుక్త సంప్రదింపుల సంఘము ఏర్పడినప్పుడు జీతభత్యములు, వారపు పనిగంటలు, సెలవులు మధ్యవర్తిత్వమునకు లోబడు విషయములైనవి. కావున ఇది మిల్లుల కథ మాత్రమే కాదు; మన బల్లమీది కాగితముల కథ కూడ. ఫైలుపై ఇరుపక్షముల వాదములు వ్రాసి, నడిమి అంకెను సూచించి చేతులు దులుపుకొనబోవు ప్రతి ఉద్యోగియు ఒక్కసారి ధ్రువగారిని తలచుకొనుట మేలు.